ఆమె అడిగిన పుస్తకం

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. ఇంగ్లీషులో నాలుగు మాటలు, తెలుగులో నాలుగు. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. మోయడం మాత్రం ఇప్పటికీ పూర్తి కాలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే సగంలోనే ఆపి, అప్పుడు చిన్నపిల్లవి కదా, వదిలెయ్ అంటారు. ఆ మాట వినాలని లేదు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను.

మేం ఆస్ట్రేలియాలో, పెర్త్ ఊళ్లో, కానింగ్ వేల్ అనే పేటలో ఉండేవాళ్లం. నాకు ఏడేళ్లప్పుడు భీమవరం నుంచి వచ్చేశాం. నాకు తెలుగు చదవడం, రాయడం అమ్మ బైబిలు ముందు పెట్టుకుని నేర్పింది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అద్దె హాల్లో మా తెలుగు ఫెలోషిప్ జరిగేది. అక్కడ లేచి నిలబడి వాక్యం చదివేది నేనే, అందరి మెప్పూ నాకే. స్కూల్లో మాత్రం నాకు తెలుగు వచ్చన్న సంగతి బయటపడకుండా జాగ్రత్తపడేదాన్ని. కరుణ వచ్చేదాకా ఆ జాగ్రత్త బాగానే నడిచింది.

కరుణ అసలు పేరు కాదు. గుంటూరు దగ్గర ఒక ఊళ్లో తెలుగు మీడియంలో చదివి, ఎనిమిదో తరగతి మధ్యలో మా క్లాసులోకి వచ్చిపడింది. వాళ్లమ్మ ఊళ్లో ఉండగా హైస్కూల్లో సైన్సు చెప్పేది. ఇక్కడ ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్లకు స్నానాలు చేయించేది. కరుణకు పుస్తకంలో ఇంగ్లీషు కూడబలుక్కుంటే అర్థమయ్యేది కానీ మా టీచర్లు గబగబా మాట్లాడితే ఒక్క ముక్క అందేది కాదు. దాంతో స్కూలువాళ్లు ఆమెను నా పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరం అక్కచెల్లెళ్లమా అని అడిగినవాళ్లు ఎంతమందో. నేను నవ్వేసి ఊరుకునేదాన్ని. లోపల మండిపోయేది.

ఆమె చదువుకునే పద్ధతి ఒకటుండేది. స్కూలు అరువిచ్చిన సైన్సు పుస్తకంలో, అచ్చు వరుసల మధ్య ఉండే సన్నటి ఖాళీలో, పెన్సిల్‌తో తెలుగు రాసుకునేది. ఫొటోసింథసిస్ మీద కిరణజన్య సంయోగక్రియ. క్లోరోఫిల్ మీద పత్రహరితం. కొన్ని ఆమె చేతిరాత, కొన్ని వాళ్లమ్మవి. వాళ్లమ్మ షిఫ్టు దిగి వచ్చాక ఇద్దరూ పుస్తకం మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్లట. మాట ఒక్కసారి తెలుగులో తెలిసిందంటే చాలు, పాఠమంతా ఆమెకు ముందే వచ్చు. ఏడాది చివర పుస్తకం తిరిగి ఇవ్వాలి కదా, ప్రతి పేజీ రబ్బరుతో చెరిపింది. డెస్కు నిండా రబ్బరు పొట్టు. ఆ ఏడాది ఆఖరి సైన్సు పరీక్షలో ఆమెకు నాకంటే మూడు మార్కులు ఎక్కువ వచ్చాయి.

మూడే. ఆ ఆదివారం ఫెలోషిప్‌లో అమ్మ ఆ సంగతి నలుగురి ముందూ సంతోషంగా చెప్పింది. ఆ పిల్ల వచ్చి ఎన్నాళ్లైందని, చూడండి ఎంత పట్టుదలో అంది. నా తల కొట్టేసినట్టయింది.

వేసవి సెలవులయ్యాక తొమ్మిదో తరగతి మొదలైంది. స్కూలువాళ్లు పాత పుస్తకాలన్నీ తీసేశారు. ఒక్కొక్కరికి ఒక ఈ-రీడర్ చేతికిచ్చారు. పలక అంత ఉంటుంది, అన్ని సబ్జెక్టులూ అందులోనే. వీపు మీద బరువు తగ్గిందని మేమంతా గంతులేశాం. కరుణ మాత్రం దాన్ని తిప్పితిప్పి చూసింది. నోట్స్ రాసుకునే చోటొకటి ఉంది కానీ అందులో ఇంగ్లీషు అక్షరాలే. తెలుగు ఎక్కదు. వరుసల మధ్య పెన్సిల్ పెట్టడానికి లేదు.

మా సైన్సు టీచరు మంచావిడ. ఆ సంగతి ఆవిడే కనిపెట్టింది. మొదటి వారంలోనే ఒక రోజు రీసెస్ విరామంలో మా ఇద్దర్నీ ఆపి నాతో చెప్పింది. అచ్చు పుస్తకాలు రెండు సెట్లు బీరువాలో దాచి ఉంచానని, కరుణకు కావాలంటే ఈ రోజే ఇస్తానని, మొహమాటపడొద్దని, ఈ మాట ఆమెకు తెలుగులో చెప్పమని. అడిగితే చాలు. సంతకాలూ లేవు, ఉత్తరాలూ లేవు.

కరుణ నా మొహంలోకి చూసింది.

"ఏమంటన్నారే మిస్సు?"

"పుస్తకాలు ఇంక ఇవ్వరంట. అందరూ రీడర్‌లోనే చదవాలంట. కొత్త రూల్ అంట."

"ఒక్క సైన్స్‌దైనా అడగవే. మా అమ్మ కూడా చూసుద్ది కదా. పెన్సిల్‌తోనే రాసుకుని మళ్లీ మొత్తం చెరిపేసి ఇస్తానని చెప్పవే, ప్లీజ్."

టీచరు నా వైపు ఎదురుచూస్తోంది. నేను ఆవిడ వైపు తిరిగి, "షీ సేస్ షీజ్ ఫైన్, మిస్" అన్నాను.

"ఆర్ యూ షూర్?"

"యా."

"ఏమన్నారే?" అంది కరుణ.

"కుదరదంట."

కరుణ తలూపింది. టీచరు కేసి తిరిగి, వచ్చిన కాస్త ఇంగ్లీషులోనే, థాంక్యూ మిస్ అంది. టీచరు ఆమె భుజం తట్టింది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకున్నారు. వాళ్ల మధ్యలో నిలబడి నేనూ నవ్వాను.

ఎందుకు చేశాను? మూడు మార్కుల కోసమా? పదో తరగతిలో బాగా చదివేవాళ్లకు పెట్టే సైన్సు ఎక్స్‌టెన్షన్ క్లాసుకు కొద్దిమందినే తీసుకునేవాళ్లు, దాని కోసమా? లేక ఆమె ముందు అచ్చు పుస్తకం ఉంటే, దాని నిండా తెలుగు ఉంటే, పక్కన కూర్చున్న నన్ను కూడా అందరూ ఇంగ్లీషు రానిదానిలాగే చూస్తారనా? ఇన్నేళ్లలో ఈ మూడింటినీ మార్చిమార్చి నమ్మాను. సిగ్గు వల్ల చేశాననుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది, అందుకని చాలాకాలం సిగ్గునే పట్టుకుని వేలాడాను. కానీ నిజం చెబుతానని కూర్చున్నాను కదా. ఆమె నన్ను అడిగి వేడుకున్నప్పుడు నాకు కొంచెం సంతోషం వేసింది. అదీ నిజం. అది రాయడానికే ఇంతసేపు తటపటాయించాను.

ఆ తర్వాత కరుణ ఏం చేసిందో తెలుసా? పాఠాన్ని రీడర్‌లోంచి నోటుపుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. మొత్తం పాఠం. వరుస విడిచి వరుస. విడిచిన వరుసలో తెలుగు రాసుకోవడానికి. లంచ్ టైములో అందరం ఓవల్ గ్రౌండ్ మీదికి ఆడుకోవడానికి పరిగెడితే ఆమె లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని రాస్తూ ఉండేది. ఎడమ చేత్తో రీడర్ పట్టుకుని, అది ఆరిపోయినప్పుడల్లా మీట నొక్కి, మళ్లీ రాసేది. ఒక పాఠం పూర్తయ్యేలోపు క్లాసులో ఇంకో పాఠం అయిపోయేది. వేరే టీచరెవరో చూసి, ఊరికే కాపీ కొట్టుకుంటూ కూర్చుంటే చదువు రాదని మందలించారు. ఆ మాట నేనే తెలుగులో చెప్పాను. ఈసారి ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం పోకుండా చెప్పాను.

చూపు సరిగా లేని ఒకమ్మాయికి బీరువాలోని ఒక సెట్టు ఇచ్చారు. కరుణ చూసింది. ఆ అమ్మాయికి ఎలా ఇచ్చారని నన్ను అడిగింది. డాక్టరు లెటర్ తెచ్చుకుందని చెప్పాను. నమ్మింది. రెండో సెట్టు ఏడాదంతా అక్కడే ఉంది. ప్రాక్టికల్స్‌కి అద్దాల బీరువా తెరిచినప్పుడల్లా నాకు కనబడేది. ఆ ఏడాదిలో ఏ రోజైనా చెప్పి ఉండొచ్చు. నిన్న మళ్లీ అడిగాను, ఇవాళ ఇస్తారట అని చిన్న అబద్ధంతో ఆ పెద్ద అబద్ధాన్ని సరిచేసి ఉండొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. రోజూ అనుకునేదాన్ని. రోజూ రేపనుకునేదాన్ని.

ఏడాది చివర ఎక్స్‌టెన్షన్ జాబితాలో నా పేరుంది. కరుణను కింది స్థాయి క్లాసులో వేశారు. నోటుపుస్తకాలు మాత్రం పదకొండు నింపింది.

ఆ డిసెంబరులో ఒక ఆదివారం ఫెలోషిప్‌లో వాళ్లమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. మాలో అది అలవాటే, ఏడాదంతా దేవుడు చేసిన మేళ్లు చెప్పుకుని కృతజ్ఞతలు చెల్లిస్తారు. ఆంటీ ఉద్యోగం గురించి చెప్పింది, ఆరోగ్యం గురించి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది. భాష తెలియని చోట మా బిడ్డకు నోరులాగా దేవుడు ఈ పాపని ఇచ్చాడు, మా పుస్తకం సంగతి కూడా తనే అడిగి చూసింది పాపం, అని కళ్లు తుడుచుకుంది. హాలంతా ఆమెన్ అంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. పక్క వరుసలోంచి కరుణ నన్ను చూసి నవ్వుతోంది. నేను తల వంచుకున్నాను. ఎంత వినయమో ఈ పిల్లకి అనుకున్నారు.

కరుణ పదో తరగతి తర్వాత స్కూలు మానేసి, చిన్న కోర్సు చేసి, వాళ్లమ్మ పనిలోకే వెళ్లింది. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో, క్రాన్‌బర్న్‌లో ఉంటుంది. బాగానే ఉంది. ఈ "బాగానే ఉంది" అనే మాటను నేను ఎన్నిసార్లు వాడుకున్నానో. పుస్తకం చేతికొచ్చినా ఇలాగే జరిగేదేమో అని కూడా అనుకుంటాను. ఏమో. జరిగేదో లేదో తెలుసుకునే వీలు కూడా ఆమెకు లేకుండా చేసింది నేను. ప్రతి ఏడాదీ నా పుట్టినరోజుకు మెసేజ్ పెడుతుంది. నా మీద కోపం తెచ్చుకోవడానికి ఆమెకు ఒక్క కారణమూ తెలియదు. అది నన్ను పీక్కు తింటుంది.

నేను ఫార్మసిస్టునయ్యాను. మనవాళ్లు, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు, నన్ను వెతుక్కుంటూ వస్తారు. డాక్టరు ఏమన్నాడో చెప్పమ్మా అంటారు. చెబుతాను. మళ్లీ చెబుతాను. కాగితం మీద రాసిస్తాను. వాళ్లు తలూపి థాంక్స్ అన్నప్పుడల్లా, ఏం అర్థమైందో నాకు తిరిగి చెప్పమంటాను. ఎంత ఓపికో ఈ అమ్మాయికి అంటారు. చూశారా, నా పాపం నాకు మంచి పేరే తెస్తోంది ఇప్పటికీ.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. అడిగితే కరుణ వెంటనే క్షమించేస్తుంది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. అంత సులువుగా దొరికేది తీసుకోవడానికి నాకు మొహం చెల్లదు. చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది, అంతే. అది నాది కాదు, ఆమెది.

కరుణా, ఆ రోజు మిస్ అన్నది ఇది. పుస్తకాలు ఉన్నాయి. రెండు సెట్లు తీసిపెట్టారు. నీకు కావాలంటే వెంటనే ఇస్తానన్నారు, మొహమాటపడొద్దన్నారు. నువ్వు అడిగావని నేను ఆవిడకు చెప్పలేదు.