మడిలోనే ఉడికిన పుంటికూర

గల్ఫ్‌లో, సువైక్ అనే ఊళ్లో మా లేబర్ క్యాంపుకు పచ్చదనం అంటే గోడకు వేసిన ఆకుపచ్చ రంగే. అదీ సగం పెచ్చులూడింది. అలాంటి చోట మా రూములో అందరికంటే పెద్దవాడైన కాకా, ఇంటి నుంచి తెచ్చుకున్న విత్తనాలు చల్లి, రూము వెనక మంచమంత జాగాలో పుంటికూర, అదే గోంగూర, పెంచాడు. భార్య ఫోన్ చేసినా మడికి నీళ్లు పోశాకే మాట్లాడేవాడు.

ఆ జాగా మీద క్యాంప్ బాస్ కన్ను పడింది. గ్యాస్ సిలిండర్లు పెట్టడానికి సిమెంటు పోయిస్తానన్నాడు. కాకా బతిమాలితే, "నెలాఖరు శుక్రవారం వస్తా. పచ్చగా ఉంటే నీది, ఎండితే నాది" అని హిందీలో తేల్చేశాడు.

ఇక మేమందరం మడికి బాడీగార్డులం. జ్వరమని ఒకరోజు డ్యూటీకి పోకుండా రూములోనే ఉన్న మా బావకైతే ప్రేమ మరీ ఎక్కువైంది. మిట్టమధ్యాహ్నం పంపు తిప్పి, పైపుతో మొక్కల్ని తలంటినట్టు తడిపేశాడు. ఎండాకాలంలో మిద్దె మీద సలసల కాగి పంపులోకొచ్చే ట్యాంకు నీళ్లకు మేమే భయపడతాం. రాత్రి బకెట్లకు పట్టి, చల్లారాక పొద్దున స్నానం చేస్తాం. జ్వరంలో బావకు ఆ సంగతే గుర్తురాలేదు.

మేం సైట్ నుంచి వచ్చేసరికి ఆకులన్నీ ఉడికి వేలాడుతున్నాయి.

"ఏందిరా ఇది?" ఉడికిన ఆకు ఒకటి పట్టుకుని అడిగాడు కాకా.

"నీళ్లు పోసిన కాకా, పాపం దూపైతుందని," అన్నాడు బావ.

"నీళ్లు పోసినవా, పొయ్యి మీద పెట్టినవా?"

"ఇంకింత ఉప్పు, కారం ఏస్తే అన్నంల కలుపుకోవచ్చు," అన్నాను నేను.

కాకా రెండు చెప్పులూ తీశాడు. ఒకటి బావకు తగిలింది, ఒకటి నాకు.

కాండాలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఏసీల నుంచి ఊరికే కారిపోయే నీళ్లు చల్లగా ఉంటాయి కదా అని ఏడో తరగతితో ఆగిన నా బుర్రకు తట్టింది. పక్క రూముల ఏసీల కింద కూడా బకెట్లు పెట్టాం. బావ తన దుప్పటి చింపి నీడ కట్టాడు.

శుక్రవారం బాస్ వచ్చాడు. ఒకవైపు మోడులు, ఒకవైపు గోరంత చిగుళ్లు. "దీన్ని పచ్చదనం అంటారా?" అన్నాడు. కాకా ఒక చిగురు తుంచి ఆయన చేతిలో పెట్టాడు. బాస్ నమిలాడు. పులుపుకు ఒక కన్ను మూసుకుంది. మిగిలిన కన్నుతోనే తీర్పు చెప్పాడు: మోడుల వైపు సిమెంటు, చిగుళ్ల వైపు కాకాది.

సిమెంటు ఆరి సిలిండర్లు దిగిన రోజు, సగం మడి పోయిందని కాకా ఏడుస్తాడనుకున్నాను. ఆయన సిలిండర్ల వైపు చూసి నవ్వాడు.

"మంచిగైందిరా. గ్యాస్ పక్కకే వచ్చింది. ఇటు కోసుడు, అటు వండుడు!"