బంతిపూల దండ కట్టిన మూడు చక్రాల బండి

నలభైకి దగ్గర పడ్డ ముగ్గురు మగోళ్లు, పెండ్లాం పిల్లలున్నోళ్లు, పొద్దుగాల్నే లేచి మూడు చక్రాల బండేసుకొని రోడ్డు మీద జారుతమంటే ఎవరన్న ఏమంటరు? మా అవ్వయితే మొఖం మీదనే అన్నది: "నీ కొడుకు ఆడే ఆటలు నువ్వు ఆడు, వాడు కూసొని ఫోన్ జూస్తడు."

మేం మాత్రం దాన్ని డ్రిఫ్ట్ ట్రైక్ అంటం. ముందట పిల్లల సైకిల్ చక్రం, ఎనక రెండు చిన్న చక్రాలు, వాటి మీద ప్లాస్టిక్ పైపు తొడుగు. తొడుగుంటే టైరు రోడ్డును పట్టది. మలుపు కాడ హ్యాండిల్ తిప్పితే ఎనక భాగం సర్రున పక్కకు జారుతది. గా జారుడే మజా. అంతకు మించి దీంతోని లోకానికి ఏం ఫాయిద లేదు.

ఈ పిచ్చి అంటించింది మా సాఫ్ట్‌వేర్ దోస్తు. వాళ్ల నాయిన తొంభైలల్ల కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిండు. ఈయన మొయినాబాద్ దగ్గర కాలనీల ఇల్లు కట్టుకుంటూ, నా హార్డ్‌వేర్ షాపుకు నల్లాలు కొననీకి వచ్చి దోస్తయిండు. ఒకరోజు వీడియో చూపెట్టి "మనం కూడా చేద్దామండీ" అన్నడు. ఆ 'మనం' అంటే ఎవరో నాకు అప్పుడే సమజ్ కావాల్సింది. ఆయన ఎక్సెల్ షీట్ చేసిండు. నేను షాపుల మిగిలిన పైపు ముక్కలిచ్చిన. బండి చేసింది మాత్రం మూడోవాడు.

వాడు చేవెళ్లల నాతోని పదో తరగతి చదివిన వెల్డర్. ఇన్నేండ్లు ఎవని కిందనో పని జేసి, మొన్నమొన్ననే చేవెళ్ల రోడ్డు మీద సొంత షెడ్డు పెట్టిండు. కనకమామిడిల ఒక ఫామ్‌హౌస్‌కు గేట్లు చేసే పని మాటలల్ల ఉన్నది. ఆ ఓనరు ఉండేది కూడ సాఫ్ట్‌వేరాయన కాలనీలనే. "ఈ ఒక్క పని దొరికితే చాలురా, ఆ లైన్లున్న ఫామ్‌హౌసులన్నీ నా దగ్గరికే వస్తయ్" అని దినాం అంటుండె.

నెల రోజులు మా పైత్యమంతా ఆ షెడ్డుల నడిచింది. ఎక్సెల్ షీటుల ఫేజ్ వన్, ఫేజ్ టూ అని రంగురంగుల గళ్లు. మా వెల్డరోడు దాన్ని కిందికీ మీదికీ జూసి "దీంట్ల వెల్డింగ్ ఎక్కడున్నదన్నా?" అని అడిగిండు. లేదు. మర్చిపోయిండంట. ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు కోసి సీటు చేసింది మావోడే. టైరుల గాలి తీసి, పైపు ముక్క తొడిగి, మళ్ల గాలి కొట్టి బిగించింది వాడే. నేను చాయ్ తెప్పించి "ఇంజినీరింగంటే గిది" అని మెచ్చుకునుడు. మస్తు కష్టపడ్డ.

సురంగల్ దిక్కు ఒక వెంచరున్నది. తారు రోడ్లు, దీపాల స్తంభాలు, ఈత కొలను బొమ్మున్న బోర్డు, అన్నీ ఉన్నయ్, మనుషులే లేరు. ఆదివారం పొద్దున అక్కడి దిగుడు రోడ్డు మీద చేరినం. సాఫ్ట్‌వేరాయన మోకాళ్లకు ప్యాడ్లు, మోచేతులకు ప్యాడ్లు, హెల్మెట్ మీద కెమెరా పెట్టుకొని సరిహద్దుకు పోతున్నట్టే దిగిండు. బండి కదిలే టైముకు నేను అడ్డం నిలబడ్డ. మా ఇంట్ల తోపుడు బండి కొన్నా పూజ లేంది కదలనియ్యరు. మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హ్యాండిల్‌కు బారెడు బంతిపూల దండ కట్టిన.

"అది తీసెయ్ రా, చక్రంల పడ్తది" అన్నడు మావోడు.

"పూజ చేసిన దండ తీస్తరారా? దిమాక్ ఉన్నదా? ఏం కాదు, నడువ్!" అని నేనే గయ్యిమన్న.

రెండో మలుపు దాక ఏం కాలే. ఎనక చక్రాలు జారుతుంటే ఆయన కేకలు, నా ఈలలు. అప్పుడు దండ జారి ముందు చక్రంల పడ్డది. పూలు నలిగిపోతయ్, నైలాన్ దారం ఊకుంటదా? ఇరుసుకు చుట్టుకొని చక్రాన్ని పట్టేసింది. ఆయన హ్యాండిల్ మీదికెల్లి ఎగిరి పడ్డడు. ప్యాడ్లున్న జాగల ఒక్క గీత పడలే, ప్యాడు లేని భుజం కాడ ఎముక ఇరిగింది.

దవాఖానకు ఆయన భార్య ఉరికొచ్చింది. "ఎవరు చేశారండీ ఆ బండి?" అని అడిగింది. ఆయన మంచం మీదికెల్లి "వెల్డింగ్ ఊడిందనుకుంటా" అని నా దిక్కు చూసిండు. మావోడు అక్కడ లేడు. ఆయన మందుల కోసమే కింద లైన్ల నిలబడ్డడు.

"ఔ మేడం, వెల్డింగే" అన్న నేను. ఎందుకన్ననంటే, దండ కట్టిందెవరని అడుగుతదని భయమైంది. అంతకంటె పెద్ద కారణం ఏమన్న ఉంటే బాగుండు, లేదు.

పొద్దూకే వరకు కాలనీ వాట్సాప్ గ్రూపుల (షాపోన్నని నన్ను గూడ చేర్చిన్రు) కట్టు కట్టిన భుజం ఫోటో, దాని కింద ఆ వెల్డర్‌తో ఏ పనీ చేయించకండని ఆమె హెచ్చరిక. ఫామ్‌హౌస్ ఓనరు చేతులు జోడించిన బొమ్మ పెట్టిండు. గేట్ల పని వేరేటోనికి పోయింది.

తెల్లారి మావోడు షాపుకొచ్చిండు. బండి ఎనక గోదాముల పడి ఉన్నది. ఒక్కొక్క అతుకూ వేలుతోని తడిమి చూసిండు. ఒక్కటి కూడ ఊడలే. ఇరుసుకు చుట్టుకున్న దారం పీకి, తెచ్చి నా గల్లా మీద పెట్టి పోయిండు. బూతులు తిట్టినా నాకు నిద్ర పట్టేది.

వారానికి నాకు సిగ్గొచ్చింది. వెల్డింగ్ ఊడలేదు, దండ కట్టింది నేను, తప్పు నాది అని గ్రూపుల రాసిన. ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టిన్రు. ఆ కిందనే ఎవరో నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తదని అడిగితే అందరు అటు మళ్లిన్రు. కనకమామిడిల గేట్లు బిగించుడు అప్పటికే అయిపోయింది.

రాసిందన్న చూపెడ్దామని చేవెళ్లకు పోయిన. వాడు కిటికీ ఊచలు అతుకుతున్నడు. నన్ను చూసిండు, చేతిల పని పూర్తి చేసిండు, అప్పుడు వెల్డింగ్ అద్దం పక్కకు పెట్టి లేచిండు.

"చెప్పండి సార్, ఏం చేయాలె?"

బడిల ఉన్నప్పటి సంది నన్ను 'అరేయ్' తప్ప ఇంకో తీరు పిలవనోడు. ఫోన్ జేబుల నుంచి తియ్యనీకే చెయ్యి రాలే.

"షాపుకు... ఒక నిచ్చెన కావాలె" అన్న.

"ఎన్ని అడుగులు సార్?" అని అడిగి, కాగితం తీసి కొలతలు రాసుకున్నడు.