పలకని స్తంభం

రైలు చక్రాలను చిన్న సుత్తితో కొట్టి, చప్పుడును బట్టి పగుళ్లు పసిగట్టడం ఆయన ఉద్యోగం. బిలాస్‌పూర్ స్టేషను కొత్తగా కడుతున్నప్పుడు నేను అక్కడ సూపర్‌వైజర్ని. ఆయనా మన తెలుగువాడే; డ్యూటీ దిగి క్వార్టరుకు పోతూ మా స్తంభాలను కూడా కొట్టి చెవి ఆనించేవాడు. మేస్త్రీలు పని ఆపి, నన్ను కాదు, ఆయన మొహాన్ని చూసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఓ రోజు ఒక స్తంభం దగ్గర ఆగిపోయాడు.

"ఏటి బాబూ, ఇది పలకట్నేదు!"

"నేను దగ్గరుండి పోయించిన కాంక్రీటది," అన్నాను.

ఆయనదే తప్పని అందరి ముందూ తేల్చాలని పగలగొట్టించాను. లోపల పిడికిలి పట్టేంత గుల్ల. ఆయన పక్క స్తంభం దగ్గరికి వెళ్లి సుత్తితో కొట్టాడు. నన్ను ఓ మాట అన్నా బాగుండేది.

ఇప్పటికీ కొత్త గోడ కనబడితే, ఎవరూ చూడకుండా వేలితో కొట్టి చెవి పెడతాను. నాకు అన్నీ ఒక్కలాగే పలుకుతాయి.