బురఖా కింద వెలిగిన చక్రం

పక్కింటి అత్త పోయిందని పులివెందుల నుంచి ఆమె కూతురు ఫోను చేసినప్పుడు నేను బట్టల అంగట్లో ముందురోజు లెక్కలు రాస్తున్నాను. "నిద్దట్లోనే పోయిందన్నా. టీ ఇద్దామని లేపితే లేయలేదు" అంది. వస్తాండాం అన్నాను. ఆ ఒక్క మాటే. మాటల దగ్గర నేనెప్పుడూ అంతే. అంకెలు రాసే చేత్తో ఇలా నాలుగు మాటలు రాయడానికి కూర్చోవడం నాకే కొత్తగా ఉంది.

ఇంటికి పోయి చెల్లెలికి చెప్పాలి. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో నా చెల్లెలికి వినికిడి పోయింది. మాట రాలేదు. ఇంట్లో మేము కల్పించుకున్న సైగలతోనే మాట్లాడుకుంటాం. అమ్మకు ఒక సైగ, నాకు ఒకటి. అత్తకు చెల్లెలు పెట్టిన సైగ ఏమిటంటే, రెండు వేళ్లు దగ్గరగా పట్టుకుని వాటి మీద మెల్లగా ఊదడం. దీపాల తీగలకు సీసం పెట్టి కాల్చిన ప్రతి అతుకు మీదా అత్త అలా ఊదేది. ఆ రోజు నేను వేళ్లు పట్టుకున్నాను, ఊదాను, తర్వాత చేయి బోర్లా తిప్పాను. చెల్లెలు నా చేతి వైపే చూసి, మళ్లీ చెప్పమంది. మళ్లీ ఊదడానికి నాకు ఊపిరి అందలేదు.

మీలో ఎవరైనా తెల్లవారకముందే ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు రోడ్డున పోయి ఉంటే, రెండు ఎర్రని వెలుగు చక్రాలు రోడ్డు పక్కన దొర్లుతూ పోవడం చూసే ఉంటారు. మనిషి కనపడదు, సైకిలు కనపడదు, చక్రాలే కనపడతాయి. ఆ సైకిలు నా చెల్లెలిది. ఆ చక్రాలు అత్త కట్టినవి.

అత్త పని సీరియల్ సెట్లు బాగుచేయడం. పెండ్లిళ్లకూ, దసరాకూ, పీర్ల పండగకూ పందిళ్లకు చుట్టే దీపాల దండలు షామియానా అంగళ్ల వాళ్లు గోనెసంచుల్లో తెచ్చి ఆమె వాకిట్లో పోసి పోయేవారు. భర్త రేడియోలు బాగుచేసేవాడు, తర్వాత కువైట్ పోయాడు, అక్కడే పోయాడు. "ఆయప్ప పోతా పోతా నాకు రెండే ఇచ్చిపాయ. ఒక కూతురు, ఒక సీసం కాల్చే కడ్డీ. కూతురు పెండ్లయి పులివెందులకు పాయ. కడ్డీ మాత్రం ఇంగా నా మాట ఇంటాది" అని నవ్వేది.

సీరియల్ దండలో దీపాలన్నీ ఒకే తీగ మీద, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకటి పోతే దండంతా ఆరిపోతుంది. పోయింది ఏదో కనిపెట్టడమే ఆమె పని. వేళ్లతో జపమాల తిప్పినట్టు ఒక్కొక్క దీపాన్నీ తడుముకుంటూ పోయేది. పట్టపగలు ఎండలో చిన్న దీపాలు వెలిగాయో లేదో తెలియదు కదా. అందుకని కొక్కేనికి ఉన్న బురఖా తీసి, దండతో సహా తన తల మీద కప్పుకునేది. లోపలి నుంచి గొంతు వినపడేది: "ఆఁ, ఎలిగినాది. ఇది ఎలగల్యా, దొంగముండ." వీధిలో పోయేవాళ్లు నల్లటి మూట మాట్లాడటం చూసి నవ్వుకుంటూ పోయేవారు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఏమప్పా, ఫోటోలు కడిగేటోనికి చీకటి గది ఉండొచ్చు, నాకు ఉండకూడదా?" అనేది.

చెల్లెలికి జమ్మలమడుగు రోడ్డులో, ఊరి బయట ఆడపిల్లల హాస్టల్లో వంటపని. పిల్లలు లేచేసరికి టిఫిన్ తయారు కావాలి కాబట్టి చీకటి ఉండగానే పోవాలి. సైకిలు తొక్కడం తనే నేర్చుకుంది. చిన్నప్పటి నుంచి ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు చేయి పట్టుకుని తీసుకుపోవడమే. సైకిలు ఎక్కినప్పుడు మాత్రం ఆమె చేయి ఎవరి చేతిలోనూ ఉండదు.

ఒక తెల్లవారుజామున ఆమె రోడ్డు దాటుతుంటే, పక్క దారిలోంచి బండల లోడు లారీ వచ్చింది. ముందు దీపం ఉంది, వెనక ఎర్ర బిళ్ల ఉంది, కానీ పక్కనుంచి చూసేవాడికి సైకిలే కనపడదు. డ్రైవరు చివరి నిమిషంలో తిప్పాడు. చెల్లెలు కాలవలో పడింది. మోచేయి చీరుకుపోయింది. ఆ డ్రైవరే ఇంటికి తెచ్చి దించాడు. మంచి మనిషి. "హారన్ కొడతానే ఉండానప్పా. పక్కకు జరగల్యా. ఎవరైనా జరుగుతారు గదా" అన్నాడు. ఆమెకు వినపడదని చెబితే నెత్తి మీద చేయి పెట్టుకుని గడప మీదనే కూర్చుండిపోయాడు.

అమ్మ ఆ రోజే సైకిలుకు తాళం వేసి తాళంచెవి నడుముకు దోపుకుంది. నేను మోపెడ్ మీద దించుతానన్నాను. చెల్లెలు తల అడ్డంగా ఊపింది. పని మానేయమంది అమ్మ. ఆ మాటకు చెల్లెలు స్టీలు తట్ట విసిరికొట్టింది. తన చప్పుడు తనకు వినపడదు కాబట్టి ఆమె కోపం వీధి చివర దాకా వినపడుతుంది. హాస్టల్ వాళ్లు కొద్ది రోజులు చూస్తామన్నారు. తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆ పని పోతే ఆమె మళ్లీ మా చేతులు పట్టుకుని నడిచే మనిషి అవుతుంది. మాకు ఆ సంగతి తెలుసు, భయమూ ఉంది. భయం ముందు ఆ సంగతి నిలవలేదు.

తట్ట చప్పుడుకు అత్త వచ్చింది. చేతిలో కటింగ్ ప్లేయరు అట్లాగే ఉంది.

"ఏందమ్మా, ఇంట్లో తట్టలు గాలికి ఎగురుతాండాయి?" అంది.

అమ్మ ఏడుస్తూ అంతా చెప్పింది. "దానికి ఇనపడదు గదక్కా. ఇనపడనిదాన్ని లారీల మధ్యకు పంపమంటావా?"

అత్త కాసేపు సైకిలు చుట్టూ తిరిగింది. "దానికి ఇనపడదు, సరే. ఆ లారీవోళ్లకు కండ్లుండాయా లేవా?"

"ఉండాయి."

"అయితే ఇనేది ఇడ్సిపెట్టు. అది అల్లా చేతిలో ఉండాది. కనపడేది నా చేతిలో ఉండాది. ఒరేయ్ లెక్కలయ్యా, రెండు చక్రాలూ ఊడదీసి మా ఇంట్లో పెట్టు." నన్ను ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. లెక్కలు రాసేవాణ్ని కాబట్టి లెక్కలయ్యనే.

చిన్న ఎర్ర ఎల్‌ఈడీ దీపాలను చువ్వల మీద కట్టింది. చదరపు బ్యాటరీని చక్రం మధ్యలో, ఇరుసుకు ఆనించి, పాత సైకిలు ట్యూబు ముక్కలతో బిగించింది. బ్యాటరీ అంచున ఉంటే చక్రం ఒక పక్కకు లాగుతుందని మధ్యలో పెట్టింది. వాన తగలకుండా ప్రతి అతుకు మీదా, పులివెందుల నుంచి వచ్చినప్పుడు మనవరాలు మరిచిపోయిన గోళ్లరంగు పూసింది. చక్రం మీద బురఖా కప్పి, చెల్లెల్ని కూడా లోపలికి లాక్కుంది. నల్లగుడ్డ కింద ఇద్దరి కాళ్లు మాత్రం కనపడుతున్నాయి. లోపల చక్రం తిప్పినట్టుంది. చెల్లెలి నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. నేను అంతకుముందు ఎప్పుడూ వినని శబ్దం.

అమ్మ తాళంచెవి ఇచ్చింది, కానీ నన్ను కొన్నాళ్లు దూరంగా వెనక పొమ్మంది, చెల్లెలికి తెలియకుండా. మొదటి రోజునే టీకొట్టు దగ్గర ఒకాయన, "ఏమి మామా, పెండ్లి పందిరి సైకిలెక్కి పోతాంది!" అన్నాడు. లారీలు దూరం నుంచే నిదానించాయి. నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత ఒక రోజు రైలు గేటు దగ్గర పట్టాల మీద సైకిలు ఎగిరింది. నేను చూస్తుండగానే వెనక చక్రం మొత్తం ఆరిపోయింది. కాస్త దూరం పోయాక ముందుది కూడా. ముందు దీపం వెలుతురులో రోడ్డు చూసుకుంటూ పోయే మనిషికి అది తెలియలేదు. పక్క దారిలోంచి లోడు లారీ మలుపు తిరుగుతోంది. నేను అరిచాను. ఎందుకు అరిచానో తెలియదు, వినేవాళ్లు ఎవరున్నారు? హారన్ నొక్కాను. అదీ అంతే. మోపెడ్‌ను యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి ఆమెకూ లారీకీ మధ్యకు పోనిచ్చాను. నా దీపం చూసి లారీ ఆగింది. చెల్లెలు వెనక్కి తిరిగి చూసింది. నన్ను చూసి ముందు కోపం తెచ్చుకుంది, ఆ తర్వాత తన చక్రాల వైపు చూసుకుంది.

ఆ రోజే తాళంచెవి మళ్లీ అమ్మ నడుముకు చేరింది. అత్తతో చెప్పినప్పుడు ఆమె చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేసింది. ఒక్కో చక్రాన్నీ ఒళ్లో పెట్టుకుని తడుముకుంటూ పోయింది. రెండింటిలోనూ ఒక్కొక్క అతుకే ఊడింది. ఒకటి ఊడితే అన్నీ ఆరాయి.

"పందిరికి కట్టినట్లు చక్రానికి కట్టినా గదరా" అంది. "నా చేతికి వచ్చింది అదొక్కటే. పందిరి యాడికీ పోదు. ఆరిపోతే సూసేటోళ్లు నూరుమంది ఉంటారు. ఈ బిడ్డ ఒక్కతే పోతాది. ఆరిపోతే సూసేదెవరు?"

అప్పుడు దసరా ముందర. సంచుల కొద్దీ పని వాకిట్లో ఉంది. అవన్నీ పక్కకు నెట్టి మళ్లీ చక్రాలు తీసుకుంది. ఈసారి ప్రతి దీపానికీ దాని తీగలు దానికే, బ్యాటరీ దాకా వేరువేరుగా. ఒక్కోదానికి, కరెంటు మితంగా పోయేలా, ఒక చిన్న రెసిస్టరు. పెన్సిల్ సెల్లులు. అతుకులు రెట్టింపయ్యాయి. ఒక్కో అతుకునూ కాల్చి, ఊది, వెలుతురులో పెట్టి చూసేది. "అతుకు మెరవాల. మసగ్గా ఉంటే అది అతుకు గాదు, ఆశ" అనేది. మసగ్గా ఉన్నదాన్ని కరిగించి మళ్లీ కాల్చేది.

షామియానా అంగడాయన వచ్చి అరిచాడు. "ఏంది పెద్దమ్మా, సైకిలు షాపు పెట్టినావా? నా సెట్లు అట్లనే ఉండాయి. దసరాకు అమ్మోరు చీకట్లో కూసోవాల్నా?"

"అమ్మోరిని ఊరంతా సూసుకుంటాది. కూసోని టీ తాగు, లేదంటే పో."

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి ఆయనే చక్రం పట్టుకుని ఉన్నాడు, ఆమె కాలుస్తోంది. "ఈ అతుకు కొంచెం మసగ్గా ఉందేమో పెద్దమ్మా" అన్నాడు. "నోరు మూసుకోని పట్టుకో. నీ సెట్లలో ఎప్పుడన్నా అతుకు మొగం సూసినావా?" అంది.

చక్రాలు పూర్తయ్యాక ఒకదాన్ని రోలు మీద రెండు సార్లు ఎత్తి పడేసింది. ఆరలేదు. అప్పుడు చెల్లెల్ని పిలిచి కటింగ్ ప్లేయరు చేతికిచ్చింది, ఒక తీగ కత్తిరించమని సైగ చేసింది. చెల్లెలు భయపడి వెనక్కి జరిగింది. అంత కష్టపడి కట్టినదాన్ని ఎలా కత్తిరిస్తుంది? అత్త ఆమె చేయి పట్టుకుని తీగ మీద పెట్టింది. చెల్లెలు కండ్లు మూసుకుని నొక్కింది. తెరిచి చూస్తే ఒక్కటే ఆరింది, మిగిలినవన్నీ వెలుగుతున్నాయి. అమ్మ తన నడుముకున్న తాళంచెవి తీసి చెల్లెలి కొంగున కట్టింది. నన్ను వెనక పొమ్మని మళ్లీ ఎప్పుడూ అనలేదు.

కత్తిరించినదాన్ని అత్త అతకలేదు. కడ్డీ చెల్లెలి చేతికే ఇచ్చింది. ఆమె అతుకు మొదటిసారి మసగ్గా వచ్చింది, రెండోసారీ అంతే. అత్త తల అడ్డంగా ఊపుతూనే కూర్చుంది. మెరిసే అతుకు వచ్చినప్పుడు ఇద్దరూ ఒకేసారి వంగి దాని మీద ఊదారు, తలలు కొట్టుకున్నాయి.

ఆ తర్వాత సెల్లులు మార్చడం, ఊడిన అతుకు కాల్చుకోవడం అన్నీ చెల్లెలే చూసుకుంది. సాయంత్రాలు పక్కింటికి పోయి సంచుల్లో సెట్లు కూడా బాగుచేసేది. ఒకరికి వినపడదు, ఇంకొకరు మాట ఆపరు. ఇద్దరికీ బాగా కుదిరింది. "నా మాటలు ఇనీ ఇనీ అలిసిపోని మనిషి ఈ పిల్ల ఒక్కతే" అనేది అత్త.

మోకాళ్లు పట్టేయడంతో ఆమెను కూతురు పులివెందులకు తీసుకుపోయింది. పోతూ కడ్డీని మా ఇంట్లో పెట్టింది. "ఊరికే ఇస్తాలేను. కాల్చకుండా పెడితే తుప్పు పడతాది, వచ్చి వాయిస్తా" అని నాతో అంది. ఆ మాట చెల్లెలికి సైగల్లో చెప్పమంది. చెప్పాను.

ఫోను వచ్చిన రోజునే ముద్దనూరు, తొండూరు మీదుగా బస్సులో పులివెందులకు పోయాం. మధ్యాహ్నం ఎండ. బస్సులో చెల్లెలు కిటికీ వైపే తిరిగి కూర్చుంది. అక్కడ కూతురింట్లో ఆడవాళ్లు ఆమెను లోపలికి తీసుకుపోయారు. గడప బయట నుంచి నాకు కొంచెం కనపడింది. చెల్లెలు అత్త ముఖం దగ్గర వంగి, రెండు వేళ్లు దగ్గరగా పట్టుకుని, వాటి మీద మెల్లగా ఊదింది. పక్కనున్న ఆడవాళ్లు అదేదో దువా చదివి ఊదడం అనుకున్నారేమో, కాస్త జరిగి చోటిచ్చారు. నేను మగవాళ్లతో పోయి పిడికెడు మన్ను వేసి వచ్చాను. బయలుదేరేటప్పుడు కూతురు ఒక సంచి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. అందులో ఆ బురఖా ఉంది. అక్కడక్కడా సీసం చుక్కలు పడి కాలిన చిన్న రంధ్రాలు.

మరుసటి తెల్లవారుజామున చెల్లెలు పనికి పోయింది. నేను వాకిట్లో నిలబడి చూశాను. ముందు చక్రంలో ఒక దీపం వెలగడం లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. కడ్డీ ఇంట్లోనే ఉంది, ఆమె తలుచుకుంటే టీ కాగేలోపు అతికేస్తుంది. ఇంకా అతకలేదు.

ఇప్పటికీ రోజూ చూస్తుంటాను. సైకిలు వేగం అందుకున్నాక ఆ చక్రం నిండుగా ఎర్రగా తిరుగుతుంది, లోటేమీ తెలియదు. వీధి చివర మలుపు దగ్గర ఆమె నిదానిస్తుంది. అప్పుడు మాత్రం ఒక్కచోట ఖాళీ కనపడుతుంది, దీపాల మధ్య అదీ ఒకటిగా, పైకి వచ్చి, కిందికి దిగి, మళ్లీ పైకి వస్తూ.