హనోకు భార్య, నాగేశ్వరరావు షెడ్డు

వారసుల కాగితం కోసం పెట్టిన దరఖాస్తు మీద విచారణ రిపోర్టు నాలుగు వాక్యాలే ఉంది. మూడో వాక్యం దగ్గర లీలావతి కళ్లు ఆగిపోయాయి. "నాగేశ్వరరావు అనే వ్యక్తి గానీ, అతని భార్య గానీ సదరు వీధిలో నివసించినట్లు ఇరుగుపొరుగు వారెవ్వరూ చెప్పలేదు."

పాతికేళ్లుగా ఆమె బందరులో ఆ వీధిలోనే ఉంది. రోల్డ్ గోల్డ్ గొలుసులు, గాజులు తయారుచేసే షెడ్డు ఆమె, ఆమె భర్త కలిసి నడిపిందే. మూడు నెలల కిందట అతను గుండె ఆగి చనిపోతే వీధి వీధంతా సమాధుల తోట దాకా వెంట నడిచింది.

"ఎవర్నడిగారండీ?" అంది, రెవెన్యూ ఆఫీసులో, విచారణ చేసిన కొండలరావు బల్ల ముందు నిలబడి.

"మీ షెడ్డులోనే అడిగానమ్మా. రాళ్లు పొదుగుతున్న పెద్దావిడ, వీరమ్మగారట, 'నాగేశ్వరరావా? ఆ పేరుగలాయన ఇక్కడెవరూ లేరండీ' అన్నారు. పక్కింటివాళ్లదీ అదే మాట. మీరేమో శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్లారన్నారు."

"ఆయన్ని అందరూ హనోకు అనేవారండీ."

"నేనూ అదే అడుగుతున్నా. మీ ఆధార్‌లో భర్త హనోకు. షెడ్డు స్థలం నాగేశ్వరరావుది. ఆ స్థలం కోసం పెట్టిన దరఖాస్తులో అవివాహితుడని కూడా ఉంది. మరి మీరెవరమ్మా?"

ఆ ప్రశ్న ఆయన కోపంగా అడగలేదు. ఆమె రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

మొవ్వ దగ్గర పల్లెలో కొడుకుని బడిలో వేసిన రోజున హనోకు తండ్రి, ఎస్సీ కుల ధ్రువపత్రం చేతికి రావాలని నాగేశ్వరరావు అని హిందూ పేరు రాయించాడు. పంతొమ్మిదో ఏట బాప్తిస్మం ఇచ్చి పాస్టరయ్యగారు హనోకు అని పేరు పెట్టారు. ఆనాటి నుంచి ఇంట్లో, వీధిలో, చర్చిలో హనోకు. సర్టిఫికెట్లలో, షెడ్డుకి స్థలం ఇచ్చిన పారిశ్రామిక ఎస్టేటు కాగితాల్లో నాగేశ్వరరావు. శుభలేఖ మీదా, చర్చి పెళ్లి రిజిస్టరులోనూ హనోకే. స్థలం దరఖాస్తు పెళ్లికి ముందు పెట్టింది. తరవాత ఎవరూ మార్చలేదు, మార్చాలని ఎవరికీ తోచలేదు. పిల్లలు లేరు.

దీన్ని మోసం అనేవాళ్లు ఒక్క సంగతి చెప్పాలి. అతని తండ్రికి గ్లాసు వేరుగా పెట్టిన టీకొట్టు వాడు, బాప్తిస్మం తరవాత ఆ గ్లాసు తీసి అందరి గ్లాసుల్లో కలిపాడా? కలపలేదు. మతం మారగానే కులం పోయిందని చట్టం అంటుంది. ఊరు మాత్రం పోనివ్వదు. ఈ రెంటి మధ్య బతకడానికే మనుషులు రెండు పేర్లు పెట్టుకున్నారు.

వారసుల కాగితం నెలలోగా ఇవ్వకపోతే షెడ్డుకి తాళం వేస్తామని ఎస్టేటు నోటీసు. షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. లీలావతి కాగితాల సంచి పట్టుకుని లాయరు సుమతి దగ్గరికి వెళ్లింది.

"చర్చి రిజిస్టరు తెస్తే మీరు హనోకు భార్య అని తేలుతుంది. ఆయనే నాగేశ్వరరావని అఫిడవిట్ వేద్దాం," అంది సుమతి. రాస్తూ రాస్తూ ఆగింది. "బాప్తిస్మం ఏ ఏడండీ?"

"తొంభై ఆరు."

"స్థలం?"

"దరఖాస్తు తొంభై తొమ్మిదిలో. చేతికొచ్చింది రెండువేల మూడులో."

సుమతి కలం పక్కన పెట్టింది. "అది ఎస్సీ కోటా స్థలం. హిందువునని రాసిచ్చారాయన. అప్పటికే బాప్తిస్మం అయిందని ఇప్పుడు మీ చేత్తో మీరే రుజువు చేస్తున్నారు. స్థలం కేటాయింపే రద్దు చేయొచ్చు."

మాటలు చెవిన పడ్డాయి గానీ వాటి అర్థం మెట్టుమెట్టుగా దిగింది. "అంటే, భార్యనని చూపిస్తే షెడ్డు పోతుంది. చూపించకపోతే, వారసులు లేరని పోతుంది."

"పోవచ్చు. గట్టిగా కొట్లాడదాం. కానీ ముందే చెప్పకపోతే నాది తప్పవుతుంది."

లీలావతి షెడ్డుకి వచ్చి ఈ మాట చెప్పింది. ముందు వీరమ్మ తల బాదుకుంది. "నా నోరు పడిపోను. హనోకు బాబు అని అడిగుంటే చెప్పేదాన్ని కదా లీలమ్మా. నాగేశ్వరరావంటే ఏ కొల్లేటి చేపల వ్యాపారో అనుకున్నా."

"నీ తప్పు కాదు అత్తా."

"పోనీ," అంది వీరమ్మ, "చర్చి ఊసెత్తకుండా ఏ గుళ్లోనో తాళి కట్టాడని ఇద్దరు సాక్షులతో రాయించెయ్. అఫిడవిట్ చదివేవాడు వెళ్లి గుళ్లో చూస్తాడా ఏంటి? షెడ్డు నిలబడుద్ది."

అది జరిగే పనే. అంత తేలిగ్గా జరిగే పని అని తెలియడమే లీలావతిని ఎక్కువ భయపెట్టింది. "ఆ పెళ్లి నేను చేసుకోలేదు అత్తా. చచ్చినోడితో ఇప్పుడు కొత్తగా ఎలా చేసుకోను?"

వీరమ్మ చేతిలో పట్టకారు కింద పెట్టింది. "ఆగు. మా ఆయన రేషన్ కార్డులో పోలయ్య. చర్చిలో పౌలు. ఇల్లు పోలయ్య పేరున ఉంది. నేను పౌలు పెళ్లాన్ని."

మూల కూర్చుని గాజులు తుడుస్తున్న శాంతి గుడ్డ వదిలేసింది. "మా నాన్న కూడానండీ. పట్టాలో ఒకటి, సమాధి రాయి మీద ఒకటి."

గిన్నెలో బంగారు పూత నీళ్లు కుతకుతమంటున్నాయి. ఎవరూ మంట తగ్గించలేదు. ఆరుగురూ ఒకరి తరవాత ఒకరు తమ ఇంట్లో ఏ కాగితం మీద ఏ పేరుందో గుర్తు చేసుకుంటుంటే, లీలావతికి తన వీధి అంతా కాగితాల మీద ఖాళీగా కనిపించింది. మనుషులున్నారు, పేర్లున్నాయి, ఒకటికొకటి ముడిపడి లేవు.

మర్నాడు పొద్దున్నే సుమతి తలుపు తీసేసరికి మెట్ల మీద ఏడుగురు. అందరి చంకల్లోనూ సంచులు.

"ఇంతమందీ సాక్షులా?"

"కాదండీ," అంది వీరమ్మ. "మాదీ అదే గొడవ. మాకు మొగుళ్లు బతికుండగానే తేల్చండి."

సుమతి టైపు చేయించిన అఫిడవిట్ లీలావతి ముందు పెట్టింది. భర్త: నాగేశ్వరరావు అలియాస్ హనోకు. మధ్యలో ఉన్న 'అలియాస్' అన్న మాటని లీలావతి పేపర్లో దొంగల పేర్ల పక్కన తప్ప ఎక్కడా చూడలేదు.

"ఇది తీసేసి ఇంకో మాట వేయడానికి ఉండదాండీ?"

"ఉంటుంది. 'అను' అని వేయిస్తా."

మళ్లీ టైపయి వచ్చేదాకా ఆమె నిలబడే ఉంది. బాప్తిస్మం తేదీ ఉన్న వాక్యం రెండుసార్లు చదివింది. దాన్ని తీసేయమనలేదు. సంతకం పెట్టి, వీరమ్మని ముందుకు జరగమంది.