పెత్రమాస దాకా ఆగిన అప్పీలు

నా చిన్నప్పుడు ఇంటికి ఏ కాగితం వచ్చినా మా నాయనే చదవాలి. ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా ఆయన. కాగితాల సంగతి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని కాస్త గర్వం. పాపం, ఆ గర్వమే కొంప ముంచింది.

మా మేనత్తకు పిల్లల్లేరు, మామయ్య పోయాడు. సుల్తాన్ బజార్ వెనక సందులో ఆయన వదిలిపోయిన రెండు గదులే ఆమెకు దిక్కు. అవి తనవేనని ఆమె మరిది వేసిన దావాలో అత్త ఓడిపోయింది. అప్పీలు చేయాలంటే తీర్పు నకలు కావాలి. అది తయారైందని కోర్టు బోర్డు మీద రాశారు. నాయన చూసి కూడా తీసుకోలేదు. పెద్దలకు బియ్యమిచ్చే పదిహేను రోజులు నడుస్తున్నాయి, ఆ రోజుల్లో కొత్త పని మొదలుపెట్టడం మా ఇంటా వంటా లేదు. నకలు చేతికొచ్చిన రోజు నుంచే గడువు లెక్క అనుకొని, ఆ పక్షం ముగిసే పెత్రమాస అమావాస్య వెళ్ళాక తీరిగ్గా తెచ్చుకున్నాడు. వకీలును ఒక్క మాట అడగలేదు.

చివరికి నాయనా అత్తా నాంపల్లిలో వకీలు గారి గదికి వెళ్తూ నన్నూ వెంటబెట్టుకుపోయారు. వకీలు కాగితాలు తిప్పి చూసి, నకలు తయారైన రోజు నుంచే లెక్కని, గడువు దాటి తొమ్మిది రోజులైందని విసుగ్గా చెప్పాడు. అత్తకు జ్వరమని రాసి డాక్టరు చీటీ జతచేస్తే జడ్జి కనికరించవచ్చన్నాడు వకీలు. తమ్ముడి పరువు పోకూడదని కాబోలు, అత్త వెంటనే తలూపింది.

"అక్కకు ఏం జరం రాలే సార్," అన్నాడు నాయన. "నాకే తెలుసనుకున్న. తప్పు నాది. గట్లనే రాయున్రి."

అట్లాగే రాశారు. నెలల తరబడి తిరిగారు. కోర్టు ఒప్పుకోలేదు. అత్త గదులు ఖాళీ చేసి, ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చేసింది.

నాకు నాయన మీద ఒళ్ళు మండింది. ఆ జ్వరమేదో రాస్తే ఏం పోయేది? నిలదీద్దామని లేస్తుంటే, బియ్యం ఏరుతున్న అత్త నా రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీ నాయన ఒప్పుకున్నడు బిడ్డా. ఒప్పుకున్నోన్ని ఇంకోపారి అడుగొద్దు."

పోయినవి ఆమె గదులు. అడిగే హక్కు ఎవరికైనా ఉందంటే ఆమెకే ఉంది. బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉండి, ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చెడగొడుతూనే ఉంటారు. తప్పయిందన్నాక కూడా ఇంకో నాలుగు మాటలు నోటిదాకా వస్తాయి. నిజం చెప్తున్నా, వాటిని మింగడం ఈ వయసులోనూ కష్టమే. మింగుతాను. అత్త ఎంత మింగిందో తలుచుకుంటే, నాదేపాటి!