రామనర్సయ్య చేతి మాట

రామనర్సయ్య తాత వేళ్ళు మొద్దుబారిన సంగతి మొదట బయటపెట్టింది బీడీ. చలికాలం మొదట్లో ఒక పొద్దున గుర్రాల ఉలవలు ఉడుకుతుంటే, తాత పొయ్యి పక్కన కూర్చుని బీడీ కాలుస్తూ ఏదో ఆలోచనలో పడ్డాడు. బీడీ కాలుతూ కాలుతూ వేళ్ళ దాకా వచ్చింది. తాత కదల్లేదు.

"ఎవరో తోలు కాలుస్తున్నరయ్యా, చూడు," అంది సోమక్క.

తాత రోడ్డు వైపు చూశాడు. లారీల వైపు చూశాడు. చివరికి తన చేతి వైపు చూసుకుని, బీడీ పడేసి, "ఉలవలు మాడినయ్," అన్నాడు.

ఉలవలు మాడలేదు. సోమక్క కుండలోకి చూసింది, మొగుడి వేళ్ళ వైపు చూసింది, ఇంకేమీ అనలేదు. సోమక్క ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. తాతకు మరి కాస్త తెలివి ఉంటే అప్పుడే భయపడేవాడు.

ఆ వేళ్ళు మామూలు వేళ్ళు కావు. బస్తర్ చివరనున్న కొంటాలో రేసు గుర్రాలేంటని జగదల్‌పూర్ వాళ్ళు నవ్వుతారు కానీ, చింతపండు వ్యాపారి నాగార్జున సేటు గోదాము వెనక, రేకుల పాకలో నాలుగు గుర్రాలున్నాయి. శబరి ఏటి అవతల జాతరల్లో పరిగెడతాయి. మూడింటి గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. నాలుగోది మాత్రం అసలు సిసలు రేసు గుర్రం, తెల్లటి ఆడ గుర్రం. హైదరాబాదు కాగితాల్లో దాని పేరు సిల్వర్ బెల్. అంత పేరు పిలవడానికి నోరు తిరగక తాత సిలవమ్మ అన్నాడు. ఇప్పుడు సేటు కూడా సిలవమ్మ అనే అంటాడు.

తాత పద్నాలుగో ఏట ఒక మేస్త్రీ వెంట హైదరాబాదు పోయి, రేసు మైదానంలో ముప్పై ఏళ్ళకు పైగా సైసు పని చేశాడు. గుర్రానికి మాలీసు చేసేవాడు, పేడ ఎత్తేవాడు, దాని పక్కనే పడుకునేవాడు. అక్కడ నేర్చిన విద్య ఒకటుంది. తెల్లవారుజామున గుర్రాన్ని బయటికి తీసే ముందు, మోకాలి కింద నుంచి గిట్ట దాకా వెనక నరం వెంట అరచేయి, వేళ్ళు నెమ్మదిగా దింపాలి. నాలుగు కాళ్ళూ ఒకే చల్లదనంతో ఉంటే మంచిది. ఒక్కచోట గోరువెచ్చగా తగిలినా లోపల నరం నలిగిందన్నమాట. ఆ రోజు పరిగెత్తిస్తే నరం తెగుతుంది. నరం తెగిన గుర్రం పడుతుంది. దాని మీదున్నవాడు ఎక్కడ పడతాడో ఎవరూ చెప్పలేరు. తాత హైదరాబాదులో ఒకసారి చూశాడు. దాని గురించి మాత్రం ఎప్పుడూ కోతలు కోయలేదు.

మిగతా అన్నిటి గురించీ కోశాడు. మీసానికి రంగేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, "పెద్ద డాక్టరుకైనా గొట్టం కావాలె. నాకు ఈ నాలుగు వేళ్ళు చాలు," అని సంతలో ఎదురైన ప్రతివాడికీ చేయి చూపించేవాడు. గుర్రాలతో హిందీలోనే మాట్లాడేవాడు. అవి హైదరాబాదులో పెరిగాయి కాబట్టి తెలుగు రాదనేవాడు. మున్నా అనే పొట్టి గుర్రం సుక్మా సంతలో కొన్నది, దాని పుట్టుకంతా బస్తర్‌లోనే. దానితోనూ హిందీయే.

ఆ పాకలో ఒక ఆనవాయితీ ఏర్పడింది. సేటు రోజూ పొద్దున్నే వచ్చి, పాక బయటే చెప్పులు విడిచి, "పెద్దయ్యా, చెయ్యి ఏమంటుంది?" అని అడుగుతాడు. తాత "ఠీక్" అంటే గుర్రం బయటికొస్తుంది. "ఉండనీ" అంటే ఆ రోజు కాళ్ళు చల్లబడేలా ఏట్లో నిలబడుతుంది. తాత ఇక్కడ పనికి చేరిన ఈ నాలుగేళ్ళలో సేటు ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

షుగరని ఆరోగ్య క్యాంపులో డాక్టరమ్మ చెప్పి రెండేళ్ళయింది. తాత గోళీలు వేసుకునేవాడు, టీలో చక్కెర కూడా వేసుకునేవాడు. పాదాలు ముందు తిమ్మిరెక్కాయి, తర్వాత వేళ్ళు. బీడీ సంగతి జరిగాక ఆయన ఎవరూ చూడకుండా వేడి టీ గ్లాసు పట్టుకుని పరీక్ష చేసుకున్నాడు. గ్లాసు ఉన్నట్టు తెలిసింది, వేడి ఉన్నట్టు తెలియలేదు. అయినా పాకలో ఆయన మాట తప్పింది లేదు. రెండు నెలల్లో నాలుగుసార్లు "ఉండనీ" అన్నాడు, నాలుగుసార్లూ మధ్యాహ్నానికి కాలు వాచింది. దాంతో చెయ్యికి ఇంకా పని తెలుసని, తనకు చెప్పకుండానే అది పని చేసుకుపోతోందని తాత నమ్మాడు. నమ్మడానికి అదొక హాయైన మాట.

ఆ రెండు నెలలూ పొద్దుటి టీ దగ్గర సోమక్క అప్పుడప్పుడు ఊసుపోక గుర్రాల గురించి ఏదో ఒకటి అనేది. "బాద్‌షా గడ్డి మిగిల్చినాడయ్యా." "మున్నా వెనకకాలు ఎత్తి నిలబడ్డది." రెండుసార్లు, "సిలవమ్మ ముంగాలి మీద ఈగలు వాలుతున్నయ్." ఆమె పేడ ఎత్తడానికి మొగుడి కంటే ముందే పాకలోకి పోతుంది కాబట్టి ఇలాంటివి చూస్తుంది. తాత "ఊఁ" అనేవాడు. ఆ తర్వాత పాకలోకి వెళ్ళి, సరిగ్గా ఆ గుర్రం కాలి మీదే చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "ఉండనీ," అనేవాడు. ఈ రెండిటికీ సంబంధం ఉందని ఆయనకెప్పుడూ తోచలేదు.

మాఘ మాసం జాతరకు పది రోజులుందనగా కిరండూల్ నుంచి ఫోనొచ్చింది. కూతురు నాగలక్ష్మికి మగపిల్లాడు పుట్టాడు. సోమక్క బట్టలు సర్దుకుని, బస్సెక్కే ముందు పాక దగ్గర నిలబడింది.

"నేనొచ్చేదాంక జోరుగ పరిగెత్తించకు," అంది.

"ఎందుకే? గుర్రాలను నువ్వు నడిపిస్తున్నవా?"

సోమక్క సంచీ భుజానికి తగిలించుకుంది. "లేదులె," అని బస్సెక్కింది.

ఈసారి జాతర పందెం సేటుకు ప్రాణంతో సమానం. సిలవమ్మ ఫొటోతో బ్యానర్ వేయించి గోదాము ముందు కట్టాడు. భద్రాచలం వ్యాపారులను పిలిచాడు. జాతర ఆదివారం. గురువారం ఏటి ఇసుకలో చివరి పరుగు.

ఆ పొద్దున తాత సిలవమ్మ కాళ్ళ మీద చెయ్యి దింపాడు. నాలుగు కాళ్ళూ ఒకేలా ఉన్నాయి. అవి ఆయన వేళ్ళకు రెండు నెలలుగా ఒకేలా ఉన్నాయి. "ఠీక్," అన్నాడు.

ఎక్కినవాడు మాసా. ఏటి అవతలి దోర్ల తెగవాళ్ళ పల్లె మనిషి, ఇరవై నాలుగేళ్ళు, ఉలవల బస్తా కంటే బరువుండడు. పెళ్ళయి ఏడాది. శబరి ఒడ్డున తడి ఇసుక మీద సిలవమ్మ గాలిలా పోయింది. తిరిగొచ్చాక మాసా దిగి కళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

"చివర్ల ఎడమకు ఒరుగుతున్నది పెద్దయ్యా."

"నిద్ర తీరక నువ్వే ఒరుగుతున్నవు."

"అట్లనే అయ్యుంటది," అన్నాడు మాసా. తాత మాట మీద వాడికి అంత నమ్మకం. ఎడమకు ఒరిగిన గుర్రం మీద మళ్ళీ ఎక్కడానికి వాడికి ఆ నమ్మకం ఒక్కటే ఆధారం.

శుక్రవారం సిలవమ్మ ఉలవలు సగం మిగిల్చింది. తాత కాళ్ళు మళ్ళీ తడిమాడు, ఏమీ తెలియలేదు. నీళ్ళ బకెట్‌లో చెయ్యి ముంచి తీసి మళ్ళీ తడిమాడు. మాలీసు నూనె రాసుకుని తడిమాడు. సేటు వచ్చి అడిగితే, "ఠీక్," అన్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. సేటు మొహం చూడలేక గోదాము గోడ వైపు చూస్తూ అన్నాడు.

శనివారం తెల్లవారుతుండగా లారీ వచ్చి పాక ముందు ఆగింది. లోపల గడ్డి పరిచారు, ఎక్కించడానికి బల్లలు వేశారు. అదే సమయానికి సుక్మా వైపు నుంచి వచ్చిన బస్సు దిగి, సోమక్క సంచీ గుమ్మంలో పడేసి, మొహమైనా కడుక్కోకుండా పేడ బుట్ట పట్టుకుని పాకలోకి పోయింది.

తాత వెనకే వెళ్ళాడు. "పిల్లగాడు ఎట్లున్నడు?"

"నీ లెక్కనే. మీసమొక్కటే లేదు." సోమక్క సిలవమ్మ పక్కన వంగి ఉంది. కాసేపు లేవలేదు. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి, చాలా మామూలుగా, "దీని ఎడమ ముంగాలి మీద ఈగలు వాలుతున్నయ్," అంది.

తాత చూశాడు. మాఘ మాసం చలి, ఇంకా ఎండ పడలేదు. సిలవమ్మ ముక్కులోంచి పొగలా ఊపిరి వస్తోంది. పాక మొత్తం మీద ఒక్క ఈగ లేదు.

ఆయన సోమక్క చేతి వైపు చూశాడు. పేడ అంటలేదు. బుట్ట ఖాళీగా ఉంది.

రెండు నెలల పొద్దుటి టీలన్నీ ఒక్కసారిగా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాయి. బాద్‌షా మిగిల్చిన గడ్డి, మున్నా ఎత్తిన కాలు, చలికాలంలో వాలిన ఈగలు. సంతలో పదిమందికీ చూపించిన ఆ నాలుగు వేళ్ళు నిజానికి ఎవరివో తాతకు తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచే కాళ్ళు తడుముతున్నవు?" అన్నాడు.

"ఉలవలు మాడిన కాడ్నించి."

తాత సిలవమ్మ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చెయ్యి పెట్టలేదు. తువ్వాలు తీసి పక్కన పెట్టి, తల వంచి, దాని ఎడమకాలికి చెంప ఆనించాడు. గుర్రం కాలి దగ్గర తల పెట్టేవాడికి బుద్ధి లేదని ముప్పై ఏళ్ళు ఆయనే అందరికీ చెప్పాడు. సిలవమ్మ కదలకుండా నిలబడింది. నరం పక్కన, వేలెడంత మేర, దీపపు చిమ్నీలా వెచ్చగా తగిలింది. చెంపకు అంతా తెలుస్తోంది.

బయట చెప్పులు విడిచిన చప్పుడైంది. "పెద్దయ్యా, చెయ్యి ఏమంటుంది?"

సేటు వెనక మాసా ఉన్నాడు. కొత్త ఎర్ర చొక్కా వేసుకున్నాడు, పెళ్ళాం కుట్టిందట. మెడ దగ్గర గుండీ దాకా పెట్టుకున్నాడు. తాత ఆ మెడ వైపు చూశాడు. రాత్రికి రాత్రి వాచిందని చెబితే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. సోమక్క ఎటూ చెప్పదు. సోమక్క కూడా ఆ మాటే వస్తుందనుకుందేమో, బుట్ట ఎత్తుకుని పక్కకు తిరిగింది.

"చెయ్యి ఏమనదు సేటూ," అన్నాడు తాత. లేవడానికి పాక గుంజ పట్టుకోవాల్సొచ్చింది. "చచ్చిపోయింది. వేడి తెలుస్తలేదు. ఎడమకాలు నరం వేడిగున్నది. గురువారం కూడ ఉండి ఉంటది. తెలియక తోలిన. నిన్న కూడ తెలియకనే ఠీక్ అన్న."

సేటు లారీ వైపు చూశాడు. "మరి ఈ చలికాలం నాలుగుసార్లు చెప్పినవి?"

"అవి ఈమె చెయ్యి."

మాసా ముందుకొచ్చి సిలవమ్మ కాలు తడిమాడు. తర్వాత ఎర్ర చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. "ఒరిగింది నిద్రకు కాదన్నమాట," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపపడితే బాగుండుననిపించింది తాతకు.

"నాకొక మాట చెప్పి ఉండాల్సింది పెద్దయ్యా," అని సేటు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కాసేపటికి లారీలోని గడ్డి దింపి చింతపండు బస్తాలు ఎక్కించారు. సాయంత్రానికి గోదాము ముందు బ్యానర్ లేదు.

మూడు రోజులు సేటు పాక వైపు రాలేదు. తాత సంతకు పోలేదు, మీసానికి రంగేయలేదు. రోజూ పొద్దున, సాయంత్రం సిలవమ్మను శబరిలోకి దింపి మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టాడు. పుట్టమన్ను తడిపి కాలికి పట్టీ వేశాడు. పట్టీ ఆరిందో లేదో వేళ్ళకు తెలియదు కాబట్టి చెంప ఆనించి చూసుకునేవాడు. అలా రోజంతా ఒక చెంప మన్నుతోనే తిరిగేవాడు. సోమక్క, "సగం మనిషివి మన్నయినవు," అనేది. తుడిచేది మాత్రం కాదు.

ఈ ఏడాది సిలవమ్మ పరిగెత్తదు. వచ్చే ఏడాదైనా పరిగెత్తుతుందో లేదో తాత ఎవరికీ మాటివ్వలేదు.

నాలుగో రోజు పొద్దున పాక బయట చెప్పులు విడిచిన చప్పుడైంది. సేటు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎవరిని చూసి అడగాలో తెలియక రేకుల వైపు చూస్తూ, "చెయ్యి ఏమంటుంది?" అన్నాడు.

తాత సోమక్క వైపు చూశాడు. ఆమె బాద్‌షా వెనకకాలి మీద చెయ్యి దింపుతోంది. మధ్యలో ఆపింది, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. తాత నోరు తెరవబోయాడు.

"ఆగవయ్యా," అంది సోమక్క. "తొందరెందుకు? ఇంకా గిట్ట దాంక రాలేదు."

తాత ఆగాడు.